బొగ్గుబాయి ఉన్న దేశాలు

ఇన్ని దేశాలు తిరిగారు కదా, అన్నిటిలోకీ మీకు బాగా నచ్చింది ఏది అని అడిగేవాళ్ళను చూస్తే నాకు మొదటినుంచీ చిరాకే. పెళ్ళి చేసుకోకుండా, వెంట తోడు లేకుండా, కాలికి బలపం కట్టుకుని తిరిగిన ఆడమనిషి సరదాకే తిరిగిందనుకుంటారు. విశాఖపట్నంలో నేను రిటైరైన రోజున వేదిక మీద ఒక పెద్దాయన నన్ను ఇంట గెలిచి రచ్చ గెలిచిన మనిషి అని పొగిడాడు. నేను ఇంటా గెలవలేదు, రచ్చా గెలవలేదు. ఒక మనిషిని వెతకడానికి పోయాను. దొరకడని తెలిసే పోయాను. వేదికల మీద చెప్పుకునే సంగతి కాదు గనక నవ్వి ఊరుకున్నాను. ఇప్పుడు రాస్తున్నానంటే, మొన్న ఎండాకాలంలో మా తమ్ముడు సమ్మయ్య చేసిన ఫోను వల్లే. "అక్కా, ఓసీ పని మన పాత ఇంక్లైన్ మీదికి వచ్చింది. బాపు పనిచేసిన దిక్కే తవ్వుతున్నరు. నువ్వొకపారి వస్తె మంచిగుంటది" అన్నాడు.

మా దిక్కు తండ్రిని బాపు అంటాం, తల్లిని అవ్వ అంటాం, బొగ్గుగనిని బాయి అంటాం. ఇంక్లైన్ అంటే ఏటవాలు సొరంగం గుండా దిగే బాయి. ఓసీ అంటే ఓపెన్‌కాస్ట్. మనుషులు సొరంగాల్లోకి దిగకుండా, పైనుంచే మట్టంతా ఎత్తిపోసి బొగ్గు తీసే పద్ధతి. ఒకప్పుడు మనుషులు దిగిన పాత బాయిలను ఇప్పుడు ఇలా పైనుంచి తెరిచి, లోపల మిగిలిన బొగ్గంతా తీసుకుంటున్నారు. మా బాపు మల్లయ్య దిగి, తిరిగి పైకి రాని బాయి అది. ఆయన పోయాడని మా ఇంట్లో ఎవరూ అనరు. రాలేదు అంటాం.

గోదావరిఖనిలో మా కాలనీకి పొద్దు పొగతోనే పొడిచేది. కంపెనీ ఇచ్చే బొగ్గును ఇనుప బకెట్ పొయ్యిలో పేర్చి, కింద చిన్న పుల్లలు అంటించి, పొయ్యిని వాకిట్లో పెట్టేవాళ్ళు. పొగంతా పోయి బొగ్గు ఎర్రబడ్డాకే దాన్ని లోపలికి తెచ్చేది. వరసగా ఉన్న క్వార్టర్లన్నిటి ముందూ ఒకేసారి పొయ్యిలు రాజుకునేసరికి ఎదురింటి మనిషి కనబడేది కాదు, దగ్గు మాత్రం వినబడేది. దగ్గును బట్టే అది ఎవరో చెప్పేవాళ్ళం. ఆ పొగ వాసన ఉతికిన బట్టల్లో, ఆరబెట్టిన వడియాల్లో, మా జడల్లో కూడా ఉండేది. దానికింద మొక్కజొన్న రవ్వతో మక్కగట్క ఉడుకుతున్న వాసన, పచ్చిపులుసులో పిండిన చింతపండు వాసన. గడియారం ఎవరింట్లోనూ లేదు, ఉన్నా చూసేవాళ్ళు కాదు. మొదటి షిఫ్టు, రెండో షిఫ్టు, రాత్రి షిఫ్టు. మా లెక్కలో రోజంటే ఈ మూడు ముక్కలే. పెళ్ళి ముహూర్తం కూడా "రెండో షిఫ్టోళ్ళు పోయినంక" అని చెప్పుకునే జనం మేము.

డ్యూటీ దిగి వచ్చిన మనిషిని నీళ్ళు పోసుకునేదాకా పలకరించకూడదన్నది కాలనీ ఆడవాళ్ళ నియమం. బాపు వాకిట్లోకి వచ్చేసరికి కాగులో నీళ్ళు పొగలు కక్కుతూ ఉండాలి. ఆయన గోచీ పెట్టుకుని బండమీద కూర్చుంటే అవ్వ వీపు మీద ఎర్ర సబ్బు రుద్ది చెంబులతో పోసేది. నల్లటి నీళ్ళు బండ మీద నుంచి జామచెట్టు దాకా పారేవి. మెల్లగా ఆ నలుపులోంచి మా బాపు బయటికి వచ్చేవాడు. ఎన్ని నీళ్ళు పోసినా కనురెప్పల అంచున మాత్రం కాటుక పెట్టినట్టు బొగ్గు మిగిలేది. నుదుటి మీద బొగ్గు పెళ్ళ తగిలిన పాతగాయం నీలంగా ఉండేది. ఆ తర్వాతే మాటలు. "ఏం కూర?" అన్నది ఆయన మొదటి మాట. రోజూ అదే అడిగేవాడు, ఏ కూరైనా తినేవాడు.

ఆయనకు ఒక అలవాటు ఉండేది. నడిచేటప్పుడు ఎడమచేతి వేళ్ళు గోడకు ఆనించి నడిచేవాడు. బాయి లోపల దీపం ఆరిపోతే గోడ పట్టుకునే దారి వెతుక్కోవాలని కొత్తగా చేరినప్పుడు ఎవరో నేర్పారట. అది ఒంటికి పట్టి, పగటిపూట మా రెండు గదుల ఇంట్లో కూడా అట్లాగే నడిచేవాడు. వంటింటి గుమ్మం నుంచి మంచం దాకా గోడమీద ఆయన భుజం ఎత్తులో నల్లటి చార పడింది. ప్రతి దసరాకూ అవ్వ తిట్టుకుంటూ దానికి సున్నం వేసేది. సున్నం ఆరకముందే మళ్ళీ పడేది. బాపు రాకుండా పోయినాక, మేము ఆ ఇల్లు విడిచిపెట్టేదాకా, అవ్వ ఆ గోడకు సున్నం వెయ్యలేదు.

అది మొదటి షిఫ్టు. నేను బళ్ళో ఉండగా సైరన్ వేళగాని వేళ మోగింది. లోపల ఎప్పుడో పని ఆపేసిన పక్క సొరంగంలో నిండిన నీళ్ళు గోడ తన్నుకుని బాపు వాళ్ళు ఉన్నవైపు వచ్చిపడ్డాయి. తక్కినవాళ్ళంతా ఉరికి వచ్చారు. బాపు ఒక్కడే రాలేదు. కాలనీ ఆడవాళ్ళందరూ పొయ్యి మీది కుండలు అట్లాగే వదిలేసి బాయి గేటు దగ్గర కూర్చున్నారు. ఆ రోజు ఎవరింట్లోనూ అన్నం ఉడకలేదు. మోటార్లు పెట్టి ఎంత తోడినా నీళ్ళు తగ్గలేదు. చివరికి ఆ దిక్కుకు అడ్డంగా గోడ కట్టి మూసేశారు. అందులో ఎవరి తప్పూ లేదని పెద్దవాళ్ళే అన్నారు. భూమి లోపల నీళ్ళు ఎక్కడ నిలిచాయో ఎవరికి తెలుసు.

గేటు దగ్గర అవ్వ నీళ్ళు కూడా ముట్టకుండా కూర్చుంటే, బాపుతో కలిసి పనిచేసే ఓదెలు కాక వచ్చి పక్కన కూలబడ్డాడు. ఆయన ఒళ్ళంతా బురద. "ఒదినే, ఫికర్ చెయ్యకు. పాత సురంగాలు ఒకదాంట్లకెళ్ళి ఒకటి కలిసే ఉంటయి. ఎన్కట ఒకాయిన దీపం ఆరిపోయి, గోడ పట్టుకొని నడుసుకుంట నడుసుకుంట తెల్లారి ఇంకో బాయిలకెళ్ళి ఎల్లిండు. మల్లన్నకు గోడ పట్టుకొని నడుసుడు అలవాటే గద. యాడనో ఒక్కకాడ ఎల్తడు" అన్నాడు. ఎల్లడమంటే మా భాషలో బయటపడటం. ఆ ఒకాయన కథ బాయి మీద అందరికీ తెలిసిందే, అబద్ధం కాదు. ఏడుస్తున్న మనిషికి ఒక ముద్ద అన్నం తినిపించడానికి ఆయన ఆ మాట అన్నాడు. అవ్వ లేచి తిన్నది. ఆ ముద్ద మింగి ఆమె ఇన్నేళ్ళు బతికింది.

బొట్టు తీయనివ్వలేదు, గాజులు పగలనివ్వలేదు. నలుగురూ నాలుగు రకాలుగా అన్నారు. "పానం ఉన్న మనిషికి దినాలు చేస్తరా?" అని ఆమె ఎదురడిగేది. కంపెనీ ఆమెకు బాయి మీద క్యాంటీన్‌లో పని ఇచ్చింది. బాయి మాటల్లో బదిలీ అంటే రాని మనిషి జాగాలో ఆ రోజుకు పనిచేసేవాడు. అవ్వ తన నౌకరిని అట్లాగే అనుకున్నది. ఎవరైనా పలకరిస్తే "మా ఆయినకు బదిలి చేస్తున్న" అనేది. బాపుది ఏ షిఫ్టో ఆ వేళకు కాగులో నీళ్ళు కాగేవి. కాసేపు చూసి, చల్లారకముందే నన్నూ తమ్మున్నీ ఆ నీళ్ళతో తోమేది. ఆ వేడినీళ్ళు ఒంటిమీద పడుతుంటే నాకు ఒళ్ళు మండిపోయేది. అవి మాకోసం కాచినవి కావని ఆ వయసులో కూడా తెలుసు.

ఓదెలు కాక తాను అన్న మాటను వెనక్కి తీసుకోవాలని చూడకపోలేదు. దుమ్ముతో ఊపిరితిత్తులు చెడి మంచం పట్టే ముందు ఒకసారి కట్టె ఊతంతో మా ఇంటికి వచ్చి గుమ్మంలో కూర్చున్నాడు. "ఒదినే, ఆ దినం నేను ఊకెనే అన్న. నీళ్ళొచ్చిన దిక్కు ఇంకో తొవ్వ లేదు. నేను చూసిన, నాకు ఎర్కే" అన్నాడు. అవ్వ ఆయనకు చాయ్ ఇచ్చి, ఎదురుగా కూర్చుని, జాలిగా చూసింది. "నువ్వు ముసలోనివైనవ్ ఓదెలూ. మర్శిపోయినవ్" అన్నది. ఆయన చాయ్ తాగి, ఏడుస్తూ వెళ్ళిపోయాడు.

నేను రసాయనశాస్త్రం చదివి, ఓడల్లోకి ఎక్కే బొగ్గును పరీక్షించే ఒక కంపెనీలో విశాఖపట్నంలో కుదురుకున్నాను. ఏ రేవులో ఓడ నిండుతుంటే ఆ రేవుకు పోయి నమూనాలు తీసుకుని, బూడిద ఎంతో తేమ ఎంతో తేల్చడం నా పని. మొదటిసారి ఇండోనేషియా పొమ్మన్నారని చెప్పడానికి ఇంటికి వచ్చాను. ఆడపిల్లవు ఒక్కదానివి ఎట్లా పోతావంటుందని భయపడ్డాను. అవ్వ గట్క కలుపుతున్న గంటె ఆపి, "ఆ దేశంల బొగ్గుబాయి ఉన్నదా?" అని అడిగింది. ఉన్నదన్నాను. లోపలి గదిలోకి పోయి గోడకున్న బాపు ఫోటో తీసి, కొంగుతో తుడిచి, నా సంచిలో పెట్టింది. "జర చూసి రా" అన్నది. ఊరి చివర దుకాణానికి పంపినట్టే అన్నది.

నన్ను ప్రపంచయాత్రికురాలిని చేసింది ఆ మాటే. రేవులో పని ముగిశాక సెలవు పెట్టి, ఒక్కదాన్నే బస్సో బండో పట్టుకుని బాయి ఉన్న ఊరు చేరేదాన్ని. ఇండోనేషియాలో బొగ్గు పడవ ఇంజను నది మధ్యలో ఆగిపోతే, భాష తెలియని పడవవాళ్ళతో ఒక పగలంతా అరటికాయ బజ్జీలు తింటూ కూర్చున్నాను. వాళ్ళు ఫోటోను చేతులు మార్చుకుంటూ చూసి, మీసం బాగుందన్నట్టు సైగ చేశారు. ఊరు చేరాక ఫోను దొరికింది. "లేడవ్వా" అన్నాను. "ఇంకో దేశంల చూడు" అన్నది. ఫోను చేసినప్పుడల్లా ఆమె మొదట అడిగేది నా ఆరోగ్యం కాదు, "అక్కడ ఇప్పుడు ఏ షిఫ్టు నడుస్తున్నది?" అని. పోలెండుకు పోయినప్పుడు, మనకు మధ్యాహ్నమైతే వాళ్ళకు పొద్దున అని చెప్పాను. "అంటె రాత్రి షిఫ్టోళ్ళు దిగుతుంటరు. జల్ది గేటు కాడికి పో, ముచ్చట్లు నాతోనేంది" అని ఫోను పెట్టేసింది. పోయాను. మోకాలి లోతు మంచులో గేటు పక్కన నిలబడ్డాను. ఎర్రటి మొహాల మనుషులు, అందరి కళ్ళకూ అదే కాటుక. ఫోటో చూపిస్తే ఒకతను టోపీ తీసి తలవంచాడు. ఒక్క మాట తెలియని ఆ పరాయివాడికి అర్థమైన సంగతి మా అవ్వకు మాత్రం అర్థం కాలేదు.

మంగోలియాలో గడ్డకట్టిన మైదానం మీద జనం తమంతట తామే బొరియలు తవ్వుకుని, పాత కారు ఇంజనుకు తాడు కట్టి బొగ్గు లాగుతున్నారు. దిగుతానని మొండికేసి ఆ తాడు పట్టుకుని దిగాను. కిందికి పోయాక నెత్తిమీద కప్పు కటకటమన్నది. నన్ను పైకి లాగిన ఆడమనిషి నోటికొచ్చినట్టు తిట్టి, గుడారంలోకి తీసుకుపోయి ఉప్పు వేసిన చాయ్ పోసింది. నేను బాపు ఫోటో చూపించాను. ఆమె పెట్టె తెరిచి, ఒక కుర్రవాడి ఫోటో నాకు చూపించింది. ఇద్దరం తల అడ్డంగా ఊపాం. ఆమెకు కూడా ఎవరో ఒక ఓదెలు ఉండి ఉంటాడు.

దక్షిణాఫ్రికాలో బస్సు దిగీ దిగకముందే నా సంచి గుంజుకుపోయారు. డబ్బూ బట్టలూ పోతే పోయాయి, ఫోటో దాంట్లోనే ఉంది. ఇంట్లో ఉన్నది అదొక్కటే. ఫోనులో ఆ సంగతి చెబితే, అవ్వే నన్ను ఓదార్చింది. "ఫోటో పోతె ఏమాయె బిడ్డా. నువ్వు గుర్తుపట్టవా మీ బాపును?" అన్నది. పడతానన్నాను. రాత్రికి హోటలు గదిలో కళ్ళు మూసుకుని చూస్తే నాకు కనబడింది ఫోటోలోని మొహమే. కెమెరా ముందు బిగుసుకున్న, కొత్త చొక్కా వేసుకున్న మొహం. "ఏం కూర?" అని అడిగిన మొహం ఎంత తన్నుకున్నా రాలేదు. అప్పటినుంచి నేను ఎవరిని వెతుకుతున్నానో నాకే తెలియకుండా వెతికాను.

ఇక చిలీ దేశం. అక్కడ సముద్రం అడుగున తవ్విన బాయి ఉంది. మూసేసి చాలాకాలమైంది. అందులో పనిచేసిన ఒక ముసలాయన వచ్చినవాళ్ళకు టోపీ పెట్టించి లోపలికి తీసుకుపోతాడు. ఒకచోట ఆగి, దీపాలు ఆర్పమన్నాడు. ఆర్పాను. కళ్ళు తెరిచినా మూసినా ఒకటే. నాకు తెలియకుండానే నా ఎడమచెయ్యి గోడకు ఆనింది. నడిచాను. ముసలాయన ఏదో అరుస్తున్నాడు, అయినా నడిచాను. నెత్తిమీద ఎక్కడో సముద్రం ఉంది. గోడ చల్లగా, తడిగా, వేళ్ళకింద పోతూనే ఉంది. అంతలో నుదురు ఎదుటి గోడకు కొట్టుకుంది. దారి అక్కడితో సరి. గోడ పట్టుకుని నడిచేవాడు ఎక్కడికి చేరతాడో నా ఒంటికి తెలిసింది. ఆ తర్వాత కూడా దేశాలు తిరిగాను, అవ్వ పొమ్మన్నది గనక. ఎక్కడా ఫలానావాడు కనబడ్డాడా అని ఎవరినీ అడగలేదు.

సమ్మయ్య ఫోను చేసిన కొన్ని వారాలకు రామగుండం స్టేషన్‌లో దిగాను. ప్లాట్‌ఫారం మీద వడగాలి మొహాన కొట్టింది. సమ్మయ్య అదే కంపెనీలో మోటార్లు నడుపుతాడు, రేపో మాపో రిటైరవుతాడు. నన్ను బండి మీద కూర్చోబెట్టుకుని ఓసీ ఒడ్డుకు తీసుకుపోయాడు. మా కాలనీ ఎక్కడ ఉండేదో అని చూశాను. అది ఉన్నచోట గాలి ఉంది. పొయ్యిలు పెట్టిన వాకిళ్ళు, నీళ్ళు పారిన బండ, నల్లచార పడిన గోడ, ఇల్లేగాదు, ఇల్లు నిలబడిన నేలే లేదు. చెరువులు పట్టేంత గొయ్యి, మెట్లు మెట్లుగా కిందికి. అడుగున డంపర్లు చీమల్లా తిరుగుతున్నాయి. ఎదురుగా కోసిన బొగ్గు గోడలో నల్లటి గవాక్షాలు వరసగా కనబడ్డాయి. "అవే అక్కా, పాత సురంగాలు" అన్నాడు తమ్ముడు. బాపు నడిచిన దారులు నిట్టనిలువుగా కోసేసరికి, ఎండ లోపలికి పోయి పడుతున్నది.

ఆ దిక్కు తవ్వినన్నాళ్ళూ తమ్ముడు తన షిఫ్టు అయిపోయాక కూడా అక్కడే నిలబడి చూశాడట. అక్కడి కుర్ర ఆఫీసరు మర్యాదస్తుడు. నాకు కుర్చీ వేయించి, మంచినీళ్ళు ఇచ్చి, దాచకుండా చెప్పాడు. "మేడం, మేము కూడా జాగ్రత్తగనే చూసినం. బొగ్గు మోసే టబ్బులు రెండు, అవి నడిచే పట్టా కొంచెం ఎల్లింది. కని మందుపెట్టి పేల్చినంక, షావెల్‌తోని ఎత్తినంక, మనిషి ఆనవాలు ఏం తెలుస్తది? అక్కడి బొగ్గు ఎప్పటిదప్పుడే పవర్‌హౌజ్‌కు పోయింది" అన్నాడు. దూరంగా రామగుండం పొగగొట్టాలు కనబడుతున్నాయి. బూడిద శాతం లెక్కకట్టి బతికినదాన్ని నేను. ఆ మాటకు అర్థం నాకు ఎవరూ విప్పి చెప్పనక్కర్లేదు. ఒకప్పుడు ఒక్క మనిషి పైకి రాకపోతే కాలనీ అంతా పొయ్యి వదిలేసి గేటు దగ్గర కూర్చున్నది. ఇప్పుడు కూర్చోవడానికి గేటూ లేదు, వదిలి రావడానికి పొయ్యీ లేదు, ఆ మనిషి పేరు తెలిసినవాళ్ళం ముగ్గురమే మిగిలాం. ప్రపంచంలో నేను చూసిన ఊళ్ళన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. నా ఊరు ఒక్కటే లేకుండా పోయింది.

సెంటినరీ కాలనీలో తమ్ముడి క్వార్టర్‌కు వచ్చేసరికి అవ్వ కూలరు ముందు మంచంలో కూర్చుని ఉంది. చూపు ఆనదు, చెవులు మాత్రం పాముచెవులు. నుదుట రూపాయంత బొట్టు. దారిపొడవునా నేనూ తమ్ముడూ ఏం చెప్పాలో అనుకుంటూనే వచ్చాం. ఇప్పటికైనా ఈమెను విడిపించాలి, పోయేలోపు ఆ మనిషికి దినాలు చేయించాలి, ఆమె తనివితీరా ఒక్కసారి ఏడవాలి, అదే మా ఇద్దరి కోరిక. తమ్ముడు మంచం పక్కన నేలమీద కూర్చున్నాడు.

"చూసిండ్రా?" అన్నది అవ్వ.

"చూసినం. మొత్తం తీసిండ్రు అవ్వా. ఇంక ఆ దిక్కు ఏం మిగల్లేదు."

"మీ బాపు?"

తమ్ముడు నావైపు చూశాడు. పేల్చిన సంగతి వాడి నోటికి రాలేదు. "అండ్ల లేడవ్వా" అన్నాడు.

"బొక్కలు గిట్ల?" అని ఎముకల సంగతి అడిగింది.

"ఏం లేవు."

అవ్వ కొంగు మొహానికి అడ్డం పెట్టుకున్నది. భుజాలు కదిలాయి. ఏడుస్తున్నదనుకుని నా గుండె తేలికపడింది. దగ్గరికి పోయి వీపు మీద చెయ్యి వేశాను. కొంగు తీస్తే ఆమె మొహం నిండా నవ్వు.

"నేను అనలేదా? అండ్ల ఉంటె దొరకకపోవునా? ఎల్లిండు. ఎప్పుడో ఎల్లిండు" అన్నది. నా చెయ్యి పట్టుకుని తడుముతూ, "నువ్వు చూడని దేశం ఇంకేమున్నది బిడ్డా?" అని అడిగింది.

చెప్పాల్సింది అంతా నోటిదాకా వచ్చింది. మందు, షావెలు, పవర్‌హౌజ్, బూడిద. తమ్ముడు తల దించుకున్నాడు. ఆమె చూపులేని కళ్ళు నా మొహం మీదే ఉన్నాయి. నా బతుకులో నేను ఇంత దిక్కులేనిదాన్ని ఎప్పుడూ కాలేదు.

"చైనా" అన్నాను.

"అండ్ల బాయిలున్నయా?"

"అన్ని దేశాలకంటె అక్కడనే ఎక్కువ అవ్వా."

"మరి కూసున్నవేంది?" అన్నది అవ్వ.